చెవుల్లో పెట్టే ఆ కంపాస్ దేనికి? – పళ్ళ డాక్టరు జవాబులు

పోయిన నెల రూట్ కెనాల్ గురించి రాస్తే, వచ్చిన ఉత్తరాలన్నీ క్యాపుల మీదికి మళ్ళాయి. ఒక్కొక్కరిది ఒక్కో మాట. "కొత్త పన్ను అడ్డం తగులుతోంది" అని ఒకరు, "సెట్టు ఎగిరి ఒళ్ళో పడింది" అని ఇంకొకరు. అన్నీ చదివాక నాకు కనిపించింది ఒకటే జబ్బు. పన్ను బాగానే చేశారు, దవడ ఎలా కదులుతుందో మాత్రం సరిగ్గా కొలవలేదు. అందుకని ఈసారి దవడ సంగతే మాట్లాడుకుందాం.

ప్రశ్న: నాకు కుడివైపు పైన మూడు, కింద మూడు దవడ పళ్ళకు క్యాపులు వేస్తున్నారు. చాలా ఏళ్ళుగా ఆ పక్క పళ్ళు అరిగిపోయి, విరిగిపోయి ఉన్నాయి. అచ్చులు తీశాక డాక్టరుగారు నా చెవుల్లో రెండు ప్లాస్టిక్ బిరడాలు పెట్టి, నోట్లో ఫోర్కు లాంటిది కరిపించి, ముక్కు మొదట ఇంకొకటి ఆనించి, స్క్రూలు బిగించారు. చూస్తే పిల్లల జామెట్రీ బాక్సులో కంపాస్‌కు పెద్దన్నలా ఉంది. మా చెల్లెలికి క్యాపు వేసినప్పుడు ఇవేమీ చేయలేదు. దీనికి వేరే డబ్బు కూడా తీసుకున్నారు. ఇది నిజంగా అవసరమా, లేక... (ఒక టీచరు, చిత్తూరు)

జవాబు: ఆ మూడు చుక్కల దగ్గర ఏం రాయబోయి ఆగారో నాకు అర్థమైంది టీచరమ్మా. మీ విషయంలో అవసరమే. మీ చెల్లెలికి అక్కర్లేదు. ఈ రెండు మాటలూ ఎలా నిజమో చెప్తాను.

ముందు ఒక పని చేయండి. రెండు చూపుడు వేళ్ళూ చెవి రంధ్రాలకు కాస్త ముందు ఆనించి, తొందర లేకుండా నోరు తెరవండి. మొదట వేలి కింద ఏదో గుండ్రటిది తిరుగుతున్నట్టు ఉంటుంది. ఇంకా తెరిస్తే ఆ గుండ్రటిది వేలి కింది నుంచి ముందుకు జారిపోయి, అక్కడ చిన్న గుంట పడుతుంది. అదే కిందిదవడ కీలు తల. దవడను వదులుగా, వెనక్కి ఉంచి తెరిస్తే ముందు పళ్ళ మధ్య రెండు సెంటీమీటర్ల దాకా అది ఉన్నచోటే తిరగగలదు. నాలుగైదు సెంటీమీటర్లు పూర్తిగా తెరవాలంటే మాత్రం ముందుకూ కిందికీ జారాల్సిందే. తలుపు మడతబందు తిరుగుతుందే గానీ దర్వాజా వదిలి కదలదు. మన దవడ మడతబందు నడుస్తుంది కూడా.

ఇక నమలడం. మా అమ్మ రాగులు విసిరేటప్పుడు పక్కన కూర్చుని చూసేవాణ్ణి. విసుర్రాయిలో పై రాయి నడిమి గుంజ చుట్టూ తిరుగుతుంది. దవడ పని చాలామటుకు అలాంటిదే, రోట్లో రోకలి పోటు కాదు. కాకపోతే దవడకు ఒక గుంజ కాదు, రెండు. అవి కూడా కదిలే గుంజలు. మీరు కుడివైపు నమిలితే కుడి కీలు దాదాపు ఉన్నచోటే తిరుగుతూ రవ్వంత బయటికి జరుగుతుంది. ఎడమ కీలు ముందుకు, కిందికి, లోపలికి జారుతుంది. ఈ పక్కకు జరిగే కదలికను నార్మన్ బెన్నెట్ అనే ఇంగ్లీషు దంతవైద్యుడు 1908లో తన సొంత దవడ మీదే పరీక్షించి చూపించాడు. మేం ఇప్పటికీ దాన్ని ఆయన పేరుతోనే పిలుస్తాం.

మీ అచ్చులు ల్యాబుకు వెళ్తాయి. అక్కడ మీరు ఉండరు, మీ కీళ్ళు ఉండవు. ఉండేవి రెండు ప్లాస్టర్ దవడలు, వాటిని కలిపే ఇనప యంత్రం ఒకటి. దాని పేరు ఆర్టిక్యులేటర్. మీ నోట్లో పై పళ్ళు కీళ్ళకు ఎంత దూరంలో, ఎంత వాలుగా ఉన్నాయో ఆ యంత్రంలోనూ అంతే దూరంలో, అంతే వాలుగా ఉండాలి. ఆ దూరాన్ని మీ తల మీద నుంచి కొలిచి యంత్రానికి చేర్చేదే మీరు చూసిన కంపాస్. ఫేస్‌బో అంటారు. చెవుల్లోనే ఎందుకంటే కీలు చెవికి సరిగ్గా ముందు ఉంటుంది కాబట్టి. చెవి ముందున్న చిన్న మెత్తటి ఎముక నుంచి కంటి బయటి కొసకు గీత గీసి, దాని మీద సుమారు 13 మిల్లీమీటర్లు ముందుకొస్తే కీలు తిరిగే ఇరుసు ఆ చుట్టుపక్కలే ఉంటుంది. చెవి బిరడాకూ ఇరుసుకూ మధ్య ఉన్న ఆ తేడాను యంత్రంలోనే సర్దేసి ఉంచుతారు. ముక్కు మొదట ఆనించింది వాలు కోసం.

దూరం తప్పితే ఏమవుతుంది? ఇంటి ముందు పెద్ద గేటు రెక్కను, బీరువా తలుపును పక్కపక్కన ఊహించుకోండి. రెండూ ఒకే కోణంలో తెరిచినా కొస గీసే వంపు వేరు. అమెరికాలో బాన్‌విల్ అనే ఆయన 19వ శతాబ్దంలో ఎన్నో దవడలు కొలిచి, రెండు కీళ్ళూ కింది ముందు పళ్ళ నడిమీ కలిపితే సుమారు నాలుగు అంగుళాల సమత్రిభుజం వస్తుందన్నాడు. అందరికీ సరిగ్గా నాలుగే ఉండదనుకోండి, కానీ అందాజుకు మంచి లెక్క. చేతిలో ఇమిడిపోయే చిన్న మడతబందు యంత్రంలో ఈ దూరం చాలా తక్కువ. అందులో చేసిన క్యాపులు నేరుగా మూస్తే బాగుంటాయి. నోట్లోకి వచ్చి మీరు పక్కకు నమిలేసరికి వాటి ముళ్ళు, అంటే నమిలే వైపు ఉండే మిట్టలు, ఎదుటి పళ్ళ దారికి అడ్డం పడతాయి.

ఎంత తేడా అంటారా? మీరు లెక్కలు చెప్పే టీచరో కాదో తెలియదు గానీ ఇది చూడండి. ఇరుసును 5 మిల్లీమీటర్లు తప్పుగా పట్టుకున్నాం, మధ్యలో కరిపించిన మైనం 3 మిల్లీమీటర్ల మందం ఉంది అనుకుంటే, మైనం తీసేసి యంత్రం మూసినప్పుడు దవడ పళ్ళ దగ్గర ముందువెనకలుగా 0.2 మిల్లీమీటర్ల దాకా తప్పు వస్తుంది. అంతేనా అనకండి. తల వెంట్రుక మందం సుమారు 70 మైక్రాన్లు. 0.2 అంటే 200 మైక్రాన్లు. సొంత పళ్ళున్న మనిషి పళ్ళ మధ్య 20 మైక్రాన్ల పొరను కూడా పసిగడతాడు. అన్నంలో ఇసక రేణువు తగిలితే తల గిర్రున తిరిగేది అందుకే.

మీ చెల్లెలికి ఒకే పన్ను. ఆమె మిగతా పళ్ళన్నీ గట్టిగా ఉన్నాయి, అవే దవడకు దారి చూపిస్తాయి. పై అచ్చు, కింది అచ్చు చేత్తో పట్టుకుంటేనే టక్కున ఒకదాంట్లో ఒకటి కూర్చుంటాయి. చిన్న తేడా ఉంటే కుర్చీలోనే సరిచేయొచ్చు. అలాంటి కేసులో ఫేస్‌బో పెట్టి హడావిడి చేస్తే నాకు నవ్వొస్తుంది. మీ కేసు వేరు. ఆ పక్క కింద, పైన రెండూ పోయాయి, దారి చూపే పళ్ళు లేవు. ఆ దారి యంత్రమే చూపాలి.

డబ్బు సంగతి నేను తీర్పు చెప్పను. ఒకటి మాత్రం అడగండి. "అచ్చు బిగించిన ఆర్టిక్యులేటర్ ఒకసారి చూపిస్తారా?" అనండి. ఫేస్‌బో పెట్టి కొలిచి, ఆ తర్వాత ల్యాబులో మళ్ళీ చిన్న మడతబందు యంత్రానికే బిగిస్తే ఆ కొలత గాలికి పోయినట్టే. అలా జరగడం నేను చూశాను. చూపించమని అడిగితే మంచి డాక్టరు సంతోషిస్తాడు.

ప్రశ్న: రిటైరైన బస్సు కండక్టరును. పైనా కిందా మొత్తం పళ్ళ సెట్టు. ఇది రెండోది. మొదటిది సంగటికి పరవాలేదు, సంగటి ఎటూ మింగేదే కదా. మాంసం ముక్క నమిలితే ఒక పక్క లేచి వచ్చేది. ఇప్పుడు వేరే డాక్టరు దగ్గరికి వెళ్తే, అంగిట్లో మసి పూసిన రేకు, కింద ఒక సూది లాంటిది పెట్టి, ముందుకు, పక్కలకు దవడ జరపమన్నారు. రేకు మీద బాణం గుర్తు పడింది. అది చూసి ఆయన చాలా సంతోషపడ్డారు. నాకేమీ అర్థం కాలేదు. అంతసేపు "అమ్మా, అమ్మా" అనిపించారు కూడా. (శ్రీకాళహస్తి)

జవాబు: మీ కొత్త డాక్టరు సంతోషపడ్డారంటే ఆ బాణం కొన సూటిగా వచ్చి ఉంటుంది. నేనూ అలాగే సంతోషపడతాను, మా ఇంట్లోవాళ్ళకే అర్థం కాదు.

పళ్ళు లేని మనిషికి పెద్ద కష్టం ఏమిటంటే, దవడ ఎక్కడ ఆగాలో చెప్పేవాళ్ళు లేరు. పళ్ళున్నప్పుడు అవే ఆపుతాయి. పళ్ళు పోయాక ఏళ్ళ తరబడి చిగుళ్ళతో, ముందువైపు నమిలి నమిలి, దవడ ముందుకు జరిగే అలవాటు పడుతుంది. "కరవండి" అంటే అలవాటుగా ముందుకే కరుస్తారు. మేం అది నమ్మి సెట్టు చేస్తే, రెండు నెలలకు కండరాలు సడలి దవడ తన అసలు చోటికి వెనక్కి వెళ్తుంది. అప్పుడు పై, కింది సెట్టు పళ్ళు ఒకదాని మీద ఒకటి జారి, సెట్టు లేస్తుంది.

ఈ తప్పు నేనే చేశాను. నా ప్రాక్టీసు మూడో ఏడు. చంద్రగిరి వైపు నుంచి ఒక హరికథ దాసుగారు వచ్చారు. గొంతు ఎంత గట్టిదో దవడ అంత జారుడుది. కరవమంటే ఒకసారి ఒకచోట, ఇంకోసారి ఇంకోచోట కరిచేవారు. నాకు ఓపిక లేక మూడోసారి కరిచింది తీసుకున్నాను. సెట్టు పెట్టుకుని కథ మొదలుపెట్టి సీత స్వయంవరం దాకా బాగానే వెళ్ళారట. విల్లు విరిగేచోట పై సెట్టు ముందుకొచ్చింది. పాపం, ఆయన నన్ను ఒక్క మాట అనలేదు. "డాక్టరుగారూ, విల్లుతోపాటు నా పరువు కూడా విరిగింది" అన్నారంతే. రెండోసారి ఆ సూది, మసి రేకు పెట్టి చూశాను. నేను తీసుకున్న చోటుకూ బాణం కొనకూ నడుమ నాలుగు మిల్లీమీటర్లు!

ఇప్పుడు మీ బాణం సంగతి. సూది కింది దవడకు, రేకు పై దవడకు బిగిస్తారు. మీరు దవడను ముందుకు జరిపి వెనక్కి తెస్తే మసి మీద ఒక గీత పడుతుంది. కుడికి జరిపి తెస్తే ఒకటి, ఎడమకు ఒకటి. మూడు గీతలూ కలిసేచోటు బాణం కొన. దవడ బలవంతం లేకుండా వెనకగా, నడిమికి ఉండే స్థానం అది. జూరిచ్‌కు చెందిన ఆల్ఫ్రెడ్ గీసీ 20వ శతాబ్దం మొదట్లో ఈ పద్ధతిని బాగా వాడుకలోకి తెచ్చాడు. బాణం ఆకారం యూరప్ చర్చిల గోథిక్ కమానులా ఉంటుందని దాన్ని గోథిక్ ఆర్చ్ అన్నారు. మనవాళ్ళు పెట్టి ఉంటే బాణం గుర్తు అనే అనేవారు. కొన మొద్దుగా, గుండ్రంగా వచ్చిందంటే మనిషి ఇంకా సరిగా కదపలేదని అర్థం. రెండు కొనలు వచ్చాయంటే రెండు చోట్ల కరుస్తున్నాడని.

ఇక మాంసం ముక్క దగ్గర ఎందుకు లేస్తుంది? కార్ల్ క్రిస్టెన్‌సెన్ అనే డేనిష్ దంతవైద్యుడు 1905లో గమనించింది ఇదే. దవడ ముందుకు జరిగినప్పుడు కీలు వాలు మీద కిందికి జారుతుంది కాబట్టి వెనక దవడ పళ్ళ మధ్య సందు ఏర్పడుతుంది. సొంత పళ్ళున్నవాళ్ళకు అది మంచిదే. సెట్టులో మాత్రం ముందు తగిలి వెనక ఖాళీ ఉంటే, పలక ఒక కొస నొక్కితే ఇంకో కొస లేచినట్టు లేస్తుంది. అందుకని ముందుకు కరిచినప్పుడు మైనంలో ఎంత సందు వచ్చిందో చూసి, అదే వాలు యంత్రంలో పెట్టి, ముందుకు జరిపినా పక్కకు జరిపినా రెండు పక్కలా ఏదో ఒకచోట పళ్ళు తగిలేలా అమరుస్తాం. మీ మొదటి సెట్టు చేసినవారు ఈ కొలత తీసుకోకుండా అందరికీ పెట్టే 30 డిగ్రీల వాలే పెట్టి ఉండొచ్చు. కొందరికి 30 సరిపోతుంది. మీకు సరిపోలేదు.

"అమ్మా" అనిపించింది ఎత్తు కోసం. "అమ్మ" అన్నప్పుడు పెదాలు కలుస్తాయి, పళ్ళు కలవవు. ఆ తర్వాత దవడ వదిలేసిన చోట పై, కింది పళ్ళ మధ్య 2 నుంచి 4 మిల్లీమీటర్లు ఖాళీ ఉండాలి. ఆ ఖాళీ లేకుండా సెట్టు ఎత్తుగా చేస్తే మాట్లాడేటప్పుడు టకటక మోగుతుంది, సాయంత్రానికి దవడలు నొప్పి. మరీ తక్కువైతే మూతి ముడుచుకుని ముసలితనం పదేళ్ళు ముందే వస్తుంది. పుస్తకాల్లో "స" శబ్దం కోసం ఇంగ్లీషులో అరవై నుంచి అంకెలు లెక్కపెట్టించమని ఉంటుంది. నేను "శ్రీనివాసా, శ్రీనివాసా" అనిపిస్తాను. శ, స పలికేటప్పుడు పళ్ళు ఒకదానికొకటి చాలా దగ్గరికి రావాలి గానీ తగలకూడదు. తగిలితే టక్‌మంటుంది. తిరుపతిలో ఈ పరీక్షకు ఎవరూ కాదనరు.

ఒక్క మాట, నిరాశపడకండి. ఎంత బాగా చేసినా, మొత్తం సెట్టు కొరికే బలం సొంత పళ్ళలో నాలుగో వంతో ఐదో వంతో ఉంటుంది. నాటుకోడి ముక్క చిన్నగా కోసుకుని, రెండు పక్కలా సమానంగా పెట్టుకుని నమలండి. ఒక పక్కే నమలడం సొంత పళ్ళవాళ్ళ భోగం.

ప్రశ్న: కింది దవడ పన్నుకు క్యాపు వేశారు. ఎత్తుగా ఉందని మూడుసార్లు వెళ్ళాను, మూడుసార్లు గీశారు. ఇప్పుడు కొంచెం నయం. కానీ చల్లటి నీళ్ళు తాగితే జివ్వుమంటోంది, పక్కకు నమిలితే పన్ను మీద సుత్తితో కొట్టినట్టు. మళ్ళీ వెళ్ళాలంటే మొహమాటం. అలవాటవుతుందా? (గృహిణి, మదనపల్లె)

జవాబు: అలవాటు కాదమ్మా, వెళ్ళండి. మొహమాటం మీకు కాదు, గీసినవారికి ఉండాలి.

కొత్త క్యాపు రెండు మూడు రోజులు వింతగా అనిపించడం మామూలే. వారం దాటాక కూడా కొరికితే నొప్పి, చల్లదనానికి జివ్వు అంటే ఇంకా ఏదో ముందుగా తగులుతోందని. మీరు పక్కకు నమిలినప్పుడు అంటున్నారు కాబట్టి నేరుగా మూసినప్పుడు తగిలేది పోయి, పక్క కదలికలో తగిలేది మిగిలి ఉంటుంది. నీలం కాగితం పెట్టి "టక్ టక్ కొట్టండి" అని మాత్రమే చూసి పంపేస్తే ఇది దొరకదు. నీలం పెట్టి కొట్టించి, ఆ తర్వాత ఎర్ర కాగితం పెట్టి పక్కలకు, ముందుకు రుద్దించాలి. ఎర్ర గీత క్యాపు ముల్లు వాలు మీద పడితే అదే దొంగ. ఆఖరుకు 8 మైక్రాన్ల పల్చటి రేకు పై, కింది పళ్ళ మధ్య పెట్టి, కరిపించి లాగాలి. పక్క పన్ను దగ్గర రేకు పట్టుకుని, క్యాపు దగ్గర కూడా అంతే పట్టుకుంటే సరే. క్యాపు దగ్గర చినిగేంత గట్టిగా, పక్కన సులువుగా జారిపోతే ఇంకా ఎత్తుగానే ఉంది.

ఇంకో సంగతి. మత్తు దిగకముందే చూసిన కాటు నమ్మకండి. కుర్చీలో వెల్లకిలా పడుకుని కొరికితే దవడ వెనక్కి జారుతుంది, లేచి కూర్చుంటే ఇంకోచోట కరుస్తుంది. రెండు రకాలుగానూ చూడమనండి. గీసిన చోటు అద్దంలా పాలిష్ చేయమని తప్పకుండా అడగండి. గీసి వదిలేసిన పింగాణీ గరగరలాడుతుంది, ఎదుటి పన్నును గరిటకు అట్లకాడ రాసినట్టు అరగదీస్తుంది.

తప్పు ఎక్కడ మొదలై ఉంటుందో నేను చెప్పలేను గానీ, నాది ఎక్కడ మొదలయ్యేదో చెప్తాను. పాతికేళ్ళ క్రితం తిరుపతిలో నా క్లినిక్ నుంచి అచ్చులు వేరే ఊరి ల్యాబుకు బస్సు పార్శిల్‌లో పంపేవాణ్ణి. కాటు కొలత ఎర్ర మైనం పలకలో తీసి, అట్టపెట్టెలో పెట్టి పంపడం అలవాటు. మే నెలలో తిరుపతి 42 డిగ్రీలు దాటుతుంది. డిక్కీలో ఇంకెంత ఉంటుందో మీరే ఊహించుకోండి. మైనం మెత్తబడి, పై అచ్చు బరువుకు కుంగి, చల్లారి, ఏమీ ఎరగనట్టు గట్టిపడి ల్యాబు చేరేది. చూడటానికి చక్కగా ఉంటుంది. నాలుగు పళ్ళ బ్రిడ్జి వచ్చింది, ఆ పక్క తప్ప ఎక్కడా పళ్ళు కలవలేదు. ల్యాబు వాళ్ళ మీద అరిచాను. వాళ్ళు మర్యాదగా, "మీ మైనం వెనక్కి పంపుతాం సార్, మీరే చూడండి" అన్నారు. నాకు వచ్చింది చూస్తే పలక మధ్యలో గుంట. నేను చేసిన తప్పుకు వాళ్ళని తిట్టాను. అప్పటి నుంచి మైనం ఎండాకాలం పంపలేదు. ఇప్పుడు సిలికాన్ కాటు పదార్థం ఉంది, నిమిషంలో రబ్బరులా గట్టిపడుతుంది, వేడికి కుంగదు. మదనపల్లె చల్లగా ఉంటుంది కానీ మీ అచ్చు ఏ ఊరు వెళ్ళొచ్చిందో ఎవరికి తెలుసు.

ప్రశ్న: నోరు తెరిస్తే ఎడమవైపు టిక్కుమంటుంది. నొప్పి లేదు. మా పెద్దమ్మ పుత్తూరు కట్టు వేయించుకోమంటోంది. (డిగ్రీ విద్యార్థిని, నగరి)

జవాబు: నొప్పి లేకుండా, నోరు మామూలుగా మూడు వేళ్ళు పట్టేంత తెరుచుకుంటుంటే టిక్కుమనే శబ్దానికి చికిత్స అక్కర్లేదు. కీలు మధ్య ఉన్న చిన్న దిండు కాస్త ముందుకు జరిగి, తెరిచేటప్పుడు మళ్ళీ ఎక్కుతోంది, అంతే. నోరు ఇరుక్కుపోవడం, తెరుచుకోవడం తగ్గడం, పొద్దున లేవగానే దవడ నొప్పి ఇవి వస్తే వెంటనే చూపించుకోండి. పరీక్షల టెన్షన్‌లో పళ్ళు బిగపట్టే అలవాటు ఉందేమో చూసుకోండి. పెదాలు మూసి, పళ్ళు విడిగా, నాలుక అంగిట్లో. చదివేటప్పుడు అలా ఉండాలి.

పెద్దమ్మ మీద గౌరవంతోనే చెప్తున్నా, ఇది కట్టు వేసే విషయం కాదు. దెబ్బ తగిలి దవడ విరిగిందేమో అన్నప్పుడు ముందు ఎక్స్‌రే తీయించాలి, పళ్ళు సరిగా కలుస్తున్నాయో చూడాలి. విరిగిన దవడ పక్కకు అతికితే నేను పైన రాసిన కొలతలన్నీ పోతాయి.

ప్రశ్న: సార్, డెంటల్ టెక్నీషియన్ కోర్సు చివర్లో ఉన్నాను. నేను పని నేర్చుకుంటున్న చోట స్కానర్, కంప్యూటర్ ఉన్నాయి. ప్లాస్టర్, ఆర్టిక్యులేటర్ వదిలేయమంటున్నారు. మా కాలేజీలో మాత్రం హనావు అనే రకం ఆర్టిక్యులేటర్ మీదే పరీక్ష. ఏది నేర్చుకోవాలి? (తిరుపతి)

జవాబు: తమ్ముడూ, రెండూ. కానీ ముందు ఇనపది.

మీ కంప్యూటర్‌లో వర్చువల్ ఆర్టిక్యులేటర్ తెరిచినప్పుడు అది ఏమి అడుగుతుందో చూడు. కీలు వాలు ఎంత, బెన్నెట్ కోణం ఎంత. ఏమీ చెప్పకపోతే 30, 15 అని అదే వేసుకుంటుంది. 30 అంటే ఏ ఎముక వాలో, 15 అంటే ఏ పక్క కీలు ఎటు జరగడమో తెలియనివాడికి అవి రెండు అంకెలు. తెలిసినవాడికి అవి మనిషి మొహం. స్కానర్ మనిషి పళ్ళు కరిచి ఉన్నప్పటి ఒక్క ఫోటో లాంటిది ఇస్తుంది. కదలికను కూడా పట్టే పరికరాలు వచ్చాయి, మంచివే. కానీ ఎక్కువ ల్యాబులకు వచ్చేది ఆ ఒక్క కాటే.

ఈ పని ఎక్కడి నుంచి మొదలైందో కొంచెం తెలుసుకో. ఫ్రాన్సులో గారియో అనే ఆయన 1805లో అచ్చు వెనక ప్లాస్టర్‌నే పొడిగించి, రెండూ ఒకదాంట్లో ఒకటి కూర్చునేలా చేశాడు. తెరవడం, మూయడం కూడా సరిగా లేదు, కాటు గుర్తుంచుకోవడమే. దాని తర్వాత మడతబందు వచ్చింది, ఆ తర్వాత జారే కీలు, దానికి డిగ్రీలు. రుడాల్ఫ్ హనావు డాక్టరు కాడు, ఇంజనీరు. అందుకే ఆయన యంత్రంలో సూత్రం కూడా ఇచ్చాడు. ముందుకు కొరికించి తీసిన వాలు డిగ్రీలను 8తో భాగించి 12 కలిపితే పక్క కోణం, అదే బెన్నెట్ కోణం, వస్తుంది. వాలు 40 అయితే 17. కాలేజీలో ఇది బట్టీ పట్టించి ఉంటారు. ఒకసారి నీ చేతి లెక్క, నీ నోట్లో తీసిన మైనం పెట్టి సరిచూడు, మరిచిపోవు.

ఆర్కాన్, నాన్ ఆర్కాన్ అని పరీక్షలో తప్పకుండా అడుగుతారు. స్వీడన్‌కు చెందిన బెర్గ్‌స్ట్రామ్ 1950లో పెట్టిన పేరది. మనిషిలో లాగే కీలు గుండు కింది చట్రంలో, గుంట పై చట్రంలో ఉంటే ఆర్కాన్. తిరగేసి ఉంటే నాన్ ఆర్కాన్, పాత హనావు హెచ్ 2 లాగా. రెండేళ్ళ తర్వాత, 1952లో, స్వీడన్‌లోనే ఉల్ఫ్ పోసెల్ట్ కింది ముందు పన్ను కొస ఎంత దూరం వరకు ఎటు వెళ్ళగలదో గీసి చూపించాడు. ఆ బొమ్మ మీ పుస్తకంలో ఉంటుంది, పక్క నుంచి చూస్తే అరటిపండుకు, ఆకుకు మధ్యలా ఉంటుంది. దాన్ని చూసి గీయడం కాదు, నీ దవడ కదుపుతూ ఏ కొసలో నువ్వున్నావో గుర్తుపట్టు.

నా దగ్గర 1996లో సెకండ్ హ్యాండ్‌లో కొన్న హనావు ఒకటి ఉంది. క్లినిక్‌కు వచ్చే పిల్లలు దాన్ని దయ్యం దవడ అంటారు. దాని కుడి గుండు కొంచెం అరిగింది, స్క్రూ గట్టిగా బిగించకపోతే రాత్రికి రాత్రే రెండు డిగ్రీలు జారుతుంది. పై, కింది చట్రాల మధ్య ఎత్తును పట్టి ఉంచే ముందు పిన్ను సున్నా దగ్గర ఉందో లేదో చూడకుండా నేను రెండు సెట్లు ఎత్తుగా చేశాను. కాబట్టి చెయ్యి పెట్టే ముందు మూడు స్క్రూలూ, పిన్నూ చూసుకో. కింది అచ్చు బిగించేటప్పుడు ప్లాస్టర్ అంతా ఒక్కసారే పోయకు. అది గట్టిపడుతూ వేడెక్కి, రవ్వంత ఉబ్బుతుంది, పిన్నును బల్ల మీంచి లేపుతుంది. ముందు సగానికి పోసి, రబ్బరు బ్యాండు చుట్టి, గట్టిపడ్డాక మిగతా సందులో పల్చగా పోసెయ్. ఇది ఏ కంప్యూటరూ చెప్పదు, ఎందుకంటే దానికి ప్లాస్టర్ లేదు. కానీ దానికీ ఇలాంటి దొంగ లోపాలున్నాయి. స్కాన్ వెనక పళ్ళ దగ్గర కొంచెం వంకరపోయిందనుకో, తెర మీద అంతా అందంగానే ఉంటుంది.

గురువారం మధ్యాహ్నాలు నాకు పేషెంట్లు తక్కువ. సంపాదకుల దగ్గర నా చిరునామా ఉంది, నిన్ను పంపమని చెప్పాను. ఆ పాత హనావు విప్పి, శుభ్రం చేసి, నీ సొంత అచ్చులే బిగిద్దాం. ప్లాస్టర్ నువ్వు తెచ్చుకో, నాది అయిపోయింది.